ట్రంకు పెట్టెలోని నోటు, సిలువకు కొట్టిన పత్రం

ప్రశ్న: మా అమ్మ అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి మానేసింది. నాన్న లేరు. మా వీధిలోనే ఉండే ఒకాయన దగ్గర అమ్మ 2 లక్షల చీటీ వేసింది. 31 నెలలు కట్టింది, ఒక్కసారి కూడా పాడలేదు. చెల్లి నర్సింగ్ చదువు కోసమని ఆ డబ్బు అలాగే ఉంచింది. చీటీ ఆగిపోయాక అందరూ నిలదీస్తే, అమ్మ కట్టిన 1,40,000 రూపాయలకు ప్రామిసరీ నోటు రాసిచ్చి, వారం తిరగకముందే కుటుంబంతో సహా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. చెల్లి చదువు మధ్యలో ఆగింది. ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. నాలుగేళ్ళ తర్వాత ఆయన తిరిగి వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నానని చెప్పి మా సంఘంలోనే చేరాడు. మొన్న ఆదివారం సాక్ష్యం చెబుతూ, "నా ఋణపత్రాన్ని ప్రభువు మేకులతో సిలువకు కొట్టేశాడు, నా పాతవన్నీ గతించాయి" అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. అమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆయన రాసిచ్చిన నోటు ఇప్పటికీ మా ట్రంకు పెట్టెలో ఉంది. ఆయనేమో ఇంటి మీద రెండో అంతస్తుకు స్లాబు వేయిస్తున్నాడు. పాస్టరు గారిని అడిగితే, "దేవుడే క్షమించాక మనమెంత? డబ్బు సంగతి ఎత్తకండి, క్షమించండి" అన్నారు. దేవుడు కనికరం గలవాడైతే మా అమ్మకు న్యాయం ఎక్కడ? ఆయన న్యాయవంతుడైతే ఈ మనిషిని ఎలా క్షమించాడు? డబ్బు అడగడం పాపమా? ఆయన ముందు వరుసలో కూర్చుని పాడుతుంటే నా నోట పాట రావడం లేదు. నేను విశ్వాసం నుంచి జారిపోతున్నానా?
— ఒక సోదరి

సమాధానం: సోదరీ, మీకూ మీ అమ్మగారికీ వందనాలు. మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఉత్తరమంతటిలో మిమ్మల్ని నిద్రపోనివ్వని మాట అదేనని నాకు అనిపించింది. మీరు జారిపోవడం లేదు. డబ్బు అడగడం పాపం కాదు. మీ అమ్మగారు తల వంచుకోవలసిన పనేమీ చేయలేదు.

ఆయన మారుమనస్సు బూటకమని మాత్రం నేను అనను. అది తేల్చే అధికారం నాకు లేదు. దేవుడు ఆయనను నిజంగానే క్షమించి ఉండవచ్చు. చీటీలు ఎగ్గొట్టినవాడు కూడా పరలోకానికి వెళ్ళగలడనేదే మన సువార్త, దానిని నేను ఒక్క అక్షరం కూడా తగ్గించను. నా అభ్యంతరం మరొకచోట ఉంది. ఆయన చెప్పిన వచనం సరైనదే, దానికి ఆయన చెప్పుకున్న అర్థమే తప్పు.

కొలస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది ఆ మాట: మన మీద ఋణముగాను మనకు విరోధముగాను ఉండిన పత్రాన్ని ప్రభువు మేకులతో సిలువకు కొట్టాడు. అక్కడ గ్రీకులో పౌలు వాడిన పదం "ఖేయిరోగ్రాఫొన్". అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసి ఇచ్చే కాగితం అది. మన భాషలో చెప్పాలంటే అచ్చంగా ప్రామిసరీ నోటే. మీ పెట్టెలో ఉన్నదీ అటువంటిదే కాబట్టి ఆయన ఒక నోటును ఇంకొక నోటుతో కలిపేసుకున్నాడు. కానీ పౌలు చెబుతున్నది ఏ నోటు గురించి? మనిషి దేవునికి బాకీపడిన నోటు గురించి. ఆ నోటు దేవుని చేతిలో ఉంది, ఆయనది కాబట్టి ఆయన దానిని సిలువకు కొట్టాడు. 1,40,000 రూపాయల నోటు మీ అమ్మగారి చేతిలో ఉంది. దానిని కొట్టేయడానికి ఆ రోజు కల్వరి మీద ఎవరూ మీ అమ్మగారి పెట్టె తెరవలేదు.

ఇక్కడ ఎవరైనా 51వ కీర్తన ఎత్తవచ్చు. దావీదు బత్షెబ విషయంలో పాపం చేసి, ఆమె భర్త ఊరియాను చంపించి, "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని దేవునితో అన్నాడు కదా, పాపమంతా దేవుని విషయమే కదా అని. ఆ మాట ఊరియాను మరిచిపోయి అన్నది కాదు. ఊరియాకు చేసినది దేవునికే చేసినట్టయిందని అర్థమైనవాడి మాట అది. దరిద్రుని బాధించేవాడు వాని సృష్టికర్తను నిందిస్తున్నాడని సామెతల గ్రంథం చెబుతుంది. మిక్కిలి అల్పులైన వారిలో ఒకరికి చేసింది నాకు చేసినట్టే అని యేసు మత్తయి 25లో చెప్పాడు. ఆ లెక్కన మీ అమ్మగారి డబ్బుతో ఆ రాత్రి ఊరు దాటినవాడు ప్రభువు డబ్బుతోనే దాటాడు. క్షమించే హక్కు ప్రభువుకు వచ్చింది కూడా ఆయన మీ అమ్మగారి పక్కన నిలబడి ఉన్నందువల్లే. ఆమె పక్కనుండి క్షమించినవాడు ఆమెను పక్కకు నెట్టి ఎలా క్షమిస్తాడు?

ఇక మీ పెద్ద ప్రశ్న: దేవుడు న్యాయవంతుడైతే ఎలా క్షమించాడు?

బాకీ మాఫీ అయిందంటే ఎవరో దానిని మోశారని అర్థం, సోదరీ. మీ అమ్మగారు రేపు ఆ నోటు చింపేస్తే 1,40,000 రూపాయలు గాలిలో కలిసిపోవు. అవి ఆమె మందుల ఖర్చులోకి వస్తాయి, షాపులో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే మీ చెల్లి కాళ్ళలోకి వస్తాయి. క్షమించినవారే నష్టం భరిస్తారు. దేవుడు క్షమించినప్పుడు ఆ నష్టం ఎవరి మీద పడిందో చూడండి. కాంటర్బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్ము 1098లో ముగించిన తన గ్రంథంలో దీని గురించే తర్కించాడు: దేవుడు ఒక్క మాటతో "పోనీలే" అని ఎందుకు అనలేదు? అలా అంటే తప్పు చేసినవాడూ చేయనివాడూ దేవుని ముందు ఒకటే అవుతారు, లోకంలో క్రమమే ఉండదు అన్నాడాయన. ఆయన తర్వాత వచ్చిన పండితులు సిలువ గురించి పలు విధాలుగా చెప్పారు, సంఘాలు ఈనాటికీ వేర్వేరు విధాలుగానే బోధిస్తాయి. కానీ ఒక విషయంలో తేడా లేదు. తీర్పు చెప్పవలసినవాడే దిగివచ్చి నష్టాన్ని తన ఒంటి మీద వేసుకున్నాడు. మూడో మనిషి మీదికి తోయలేదు. రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు దీనినే ఒక్క వాక్యంలో చెప్పాడు: దేవుడు తాను నీతిమంతుడుగా ఉంటూనే, విశ్వసించినవానిని నీతిమంతునిగా తీర్చాడు.

కాబట్టి కనికరానికి ఒక గుర్తు ఉంది. అది తన సొంత జేబులోంచి ఇస్తుంది. మీ సంఘంలో ఆ ఆదివారం జరిగినది అది కాదు. అందరూ హల్లెలూయా అన్నారు, కానీ ఆ ఉదారతకు ఖర్చయిన డబ్బు మీ అమ్మగారిది. ఒక విధవరాలి నోటును వంద మంది కలిసి, ఆమెను అడగకుండా, పాటలు పాడుతూ చింపేశారు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధ కలిగించినది ఎగ్గొట్టినవాడి మాట కంటే ఇదే.

నా చిన్నతనంలో చూసిన ఒక సంగతి చెబుతాను. మా ఊళ్ళో ఒకాయనకు కిరాణా కొట్టు ఉండేది. ఇనుప తూనికరాళ్ళకు అడుగున చిన్న గుంట చేసి, బరువు సరిచేయడానికి సీసం పోస్తారు. ఆయన ఆ సీసం కొంత తొలిచేసి తూచేవాడని ఊరందరికీ తెలుసు. దగ్గరలో ఇంకో కొట్టు లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒక వేసవిలో ఉజ్జీవ కూడికలు జరిగాయి. ఆయన రక్షణ పొందానని లేచి చెప్పాడు. మా నాయనమ్మ ఆ రాత్రి ఇంటికి వచ్చి, "రాళ్ళు కూడా రక్షణ పొందాయేమో రేపు చూద్దాం" అంది. ఆమె వెక్కిరించడానికి అనలేదు, ఆమెకు నిజంగానే అది తెలియాలి.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఆయన మా గుమ్మం ముందు ఉన్నాడు. భుజం మీద గోనె సంచి. అందులో కందిపప్పు, బెల్లం, చింతపండు. ఏ ఇంటికి ఎన్నేళ్ళుగా ఎంత తగ్గించి ఉంటాడో తన పద్దుపుస్తకం చూసి లెక్కవేసుకుని, ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. నాయనమ్మ అరుగు మీద నిలబడి అడిగింది: "దేవుడు క్షమించాడన్నావు కదా, మళ్ళీ ఈ పప్పెందుకు?" ఆయన సంచి దించలేదు. "ఆయన క్షమించాడు కాబట్టే మీ గుమ్మం ఎక్కగలిగానమ్మా. లేకపోతే ఈ వీధిలోకి వచ్చే ధైర్యం నాకెక్కడిది?" అన్నాడు.

నాయనమ్మ చేట తెచ్చింది. పప్పు పోయించుకుంది, చెరిగింది, రాళ్ళు ఏరింది, సోలతో కొలుచుకుని డబ్బాలో పోసుకుంది. "ఫరవాలేదు, తీసుకువెళ్ళు" అని ఒక్క గింజ కూడా వెనక్కి ఇవ్వలేదు. అంతా అయ్యాక లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి, ఆయనను అరుగు మీద కూర్చోమంది. అంతకుముందు ఆయన ఎన్నడూ మా అరుగు మీద కూర్చోలేదు. నేను వేదాంతం చదువుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. కానీ న్యాయమూ కనికరమూ ఒకే అరుగు మీద ఎలా ఉంటాయో ఆ పొద్దున చూసినదే ఇప్పటికీ నాకు ఆధారం. "కృపాసత్యములు కలిసికొనినవి, నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి" అని 85వ కీర్తనలో చదివినప్పుడల్లా నాకు ఆ చేటా ఆ మజ్జిగ గ్లాసే కనిపిస్తాయి.

మన అంగడి భాషలో ఒక మంచి మాట ఉంది: కొసరు. కిలో సరిగ్గా తూచి, ఆపైన ఒక గుప్పెడు వేస్తే అది కొసరు. ముప్పావు కిలో తూచి పైన గుప్పెడు వేస్తే దానిని ఎవరూ కొసరనరు. 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ దాదాపు ఇదే పోలికతో మీ ప్రశ్నకు జవాబు చెప్పాడు. వంద దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) బాకీ ఉన్నవాడు తన సొమ్ములోంచి రెండు వందలు ఇస్తే న్యాయం తప్పినట్టా? కాదు, న్యాయాన్ని దాటి ఉదారంగా ఇచ్చినట్టు. దేవుని కనికరం న్యాయాన్ని కొట్టివేయదు, దానిని నిండుగా పొంగిస్తుంది అని ఆయన భావం. దేవుడు మనకు కొసరు వేసే దేవుడు. తూకం తగ్గించి కొసరు వేసే దేవుడు కాడు.

పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి మీకు తెలిసినదే. అతను ఎక్కిన మేడిచెట్టు గురించి పిల్లలకు పాటలు నేర్పుతాం కానీ, దిగాక అతను చేసినదాని దగ్గర త్వరగా పేజీ తిప్పేస్తాం. లూకా 19లో వరుస చూడండి. యేసు అతని పాపాలను ఏకరువు పెట్టలేదు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు, అంతే. కనికరం ముందు నడిచింది. అప్పుడు జక్కయ్య తనంతట తాను నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నవారికి నాలుగంతలు చెల్లిస్తానని చెప్పాడు. నాలుగంతలు అన్నది ఆవేశంలో నోటికొచ్చిన లెక్క కాదు. గొఱ్ఱెను దొంగిలించి చంపినా అమ్మినా నాలుగు గొఱ్ఱెలు ఇవ్వాలని నిర్గమకాండము 22లో ఉంది. తప్పు ఒప్పుకున్నవాడు అసలు మీద అయిదో వంతు కలిపి ఇస్తే చాలని లేవీయకాండము 6లో ఉంది. జక్కయ్య తనకు సులువైన శిక్ష ఎంచుకోలేదు, దొంగకు వేసే శిక్ష తనకు తానే వేసుకున్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట ప్రభువు నోట వచ్చింది ఆ తర్వాతే. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని కాదు. రక్షణ ఇంట్లోకి వస్తే ఆ ఇంట్లోని పరాయి సొమ్ము బయటికి నడుస్తుంది. యెరికోలో ఆ సాయంత్రం తలుపు తెరిచి చూసిన ఎందరో విధవరాళ్ళకు దేవుని కనికరం అంటే ఏమిటో జక్కయ్య చేతిలోని డబ్బు సంచితోనే అర్థమై ఉంటుంది.

రోమన్ కాథలిక్ సంఘంలో పాపసంకీర్తనం చేసేవారికి, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకునేవారికి, ఇదే నేర్పుతారు: పాపవిమోచన పాపాన్ని తీసివేస్తుంది, కానీ దాని వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చే పని మిగిలే ఉంటుంది, దొంగిలించినది తిరిగి ఇవ్వాలి అని. మన ప్రొటెస్టంటు సంఘాలలో "క్రియల వలన కాదు" అన్న భయంతో ఈ మాట చెప్పడమే మానేశాం. ఇది మనం సిగ్గుపడవలసిన విషయం.

ఇంకొక మాట మీతో పంచుకోవాలని ఉంది, ఇది మన తెలుగు మనకిచ్చిన వరం. తీర్పు అనగానే మనకు భయం. కోర్టు, బోను, శిక్ష గుర్తుకొస్తాయి. కానీ ఆ మాటతో పాటు మన నోట రోజూ ఆడే మాటలు చూడండి. అప్పు తీర్చడం. ఆకలి తీర్చడం. దాహం తీర్చడం. తగవు తీర్చడం. ముగ్గును తీర్చిదిద్దడం. మన బైబిలులో లూకా 18లోని విధవరాలు ఆ న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్ళి "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము" అంటుంది. రోమా పత్రికలో దేవుడు పాపిని "నీతిమంతునిగా తీర్చువాడు". తీర్పులోనూ అదే మాట, రక్షణలోనూ అదే మాట. మిగిలిపోయినదానిని పూర్తిచేయడం, వంకరపోయినదానిని చక్కబెట్టడం. అందుకే 96వ కీర్తనలో యెహోవా తీర్పు తీర్చడానికి వస్తున్నాడని విని అడవిలోని చెట్లు ఉత్సాహంతో పాడతాయి. దెబ్బతిన్నవారికి తీర్పు శుభవార్త. ఆయన తీర్పు తీర్చకుండా వదిలేస్తాడంటేనే మీ అమ్మగారు భయపడాలి.

మీ కోపం గురించి. ముందు వరుసలో ఆయన పాడుతుంటే మీ గొంతు పూడుకుపోతోందన్నారు. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద నుంచి, ఎందాక తీర్పు తీర్చకుండా ఉంటావని దేవునికి మొరపెడతాయి. వారు ఎవరనుకున్నారు? పరలోకంలో ఉన్న పరిశుద్ధులు! వారిని దేవుడు "ఇంకా క్షమించలేదా?" అని గద్దించలేదు. తెల్లని వస్త్రాలిచ్చి, ఇంకొంచెం కాలం ఓర్చుకోమన్నాడు. పాట రాని ఆదివారాల్లో మీరు మొర పెట్టండి. అదీ ఆరాధనే.

అయితే ఒక మాట మీకు కూడా చెప్పాలి. మత్తయి 18లో పదివేల తలాంతుల బాకీ, అంటే తీర్చలేనంత పెద్ద బాకీ, మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారాలు ఇవ్వవలసిన తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. ఈ ఉపమానం మీ పాస్టరు గారు చెప్పే ఉంటారు. ఒక దేనారము ఆనాటి కూలివాడి ఒక రోజు కూలి. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా పడే కష్టం. దానిని చిల్లర డబ్బుగా చూపే ప్రసంగాలు నాకు నచ్చవు. ప్రభువు కూడా ఆ నూరు దేనారాలు బాకీ కాదని అనలేదు. ఆ దాసుని తప్పు అడగడంలో లేదు. ఎదుటివాడు కాళ్ళ మీద పడి "నాయెడల ఓర్చుకొనుము, నీకు చెల్లించెదను" అని గడువు అడిగితే, వినకుండా గొంతు నులిమి చెరసాలలో వేయించడంలో ఉంది. కొంతకాలం క్రితం అదే మాట అదే భంగిమలో తాను కూడా అన్నాడని మరిచిపోవడంలో ఉంది. కాబట్టి అడగండి, నోటు చూపించి అడగండి. ఆయన గడువు కోరితే గడువు ఇవ్వండి, నెలనెలా ఇస్తానంటే ఒప్పుకోండి. ఆయన పిల్లలు వీధిలో తలెత్తుకోలేకుండా చేయాలని, ఆ స్లాబు కూలిపోవాలని లోపల ఒక కోరిక లేస్తే, అది ప్రభువుకు చెప్పి అక్కడే వదిలేయండి. అది మీ నూరు దేనారాలలో భాగం కాదు. మీరు క్షమించడమంటే ఇదే: ఆయన నాశనాన్ని కోరుకోకపోవడం. బాకీని వదులుకోవడం వేరే సంగతి.

ఈ రెండూ వేర్వేరు అని మన పొరుగునే ఒక స్త్రీ బతికి చూపించింది. 1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగులకు సేవ చేసే గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని వాళ్ళు పడుకున్న వాహనంలోనే సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని ప్రకటించింది, వాళ్ళ మీద తనకు ద్వేషం లేదంది. ఆ మాటతో కేసు ఆగలేదు, ఆగాలని ఆమె అడగలేదు. క్షమించడం వేరు, నేరానికి చట్టం ఇచ్చే ఫలితం వేరు అన్నదే ఆమె వైఖరి. ప్రధాన ముద్దాయికి 2003లో కింది కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు దానిని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీం కోర్టు దానిని ఖాయం చేసింది. ఆమె క్షమాపణ అబద్ధమని ఎవరైనా అనగలరా? పోపు రెండవ జాన్ పాల్ కూడా 1981లో తన మీద కాల్పులు జరిపినవాడిని 1983 డిసెంబరులో జైలుకు వెళ్ళి కలిసి మాట్లాడాడు. అతను ఆ తర్వాత కూడా 2000 దాకా ఇటలీ జైలులోనే ఉన్నాడు.

ఇప్పుడు చేయవలసిన పని.

వెంటనే కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరుస ఉంది: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాత సంఘానికి. మీ అమ్మగారితో ఇద్దరు పెద్దలను తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళండి. ఒరిజినల్ నోటు తీసుకువెళ్ళవద్దు, జిరాక్స్ తీసుకువెళ్ళండి. "నీ సాక్ష్యం విన్నాం, సంతోషం. ఇది ఎప్పుడు తీరుస్తావు?" అని ఒక్క మాట చాలు. నిజంగా మారినవాడైతే ఆ మాట కోసమే ఎదురుచూస్తూ, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉండవచ్చు. అలాంటివారిని నేను చూశాను. ఇన్నాళ్ళూ ఎవరూ అడగకపోవడమే ఆయనకు పెద్ద శిక్ష అయి ఉండవచ్చు. మీరు అడగడం ఆయనకు కూడా మేలే.

మీ పాస్టరు గారు 1 కొరింథీయులకు 6వ అధ్యాయం చూపి, విశ్వాసులు వ్యాజ్యమాడరాదని అనవచ్చు. మర్యాదగానే మిగతా వచనాలు కూడా చదవమనండి. సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు అడుగుతాడు. అంటే సంఘమే కూర్చుని ఈ తగవు తీర్చాలి. "అన్యాయము సహించుట మేలు కాదా" అన్న మాట కింది వచనంలోనే, మీరే మీ సహోదరులకు అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు అన్న గద్దింపు ఉంది. ఆ గద్దింపు మీ అమ్మగారికి వర్తించదు. ఇంకొకటి అడగండి: బలిపీఠం దగ్గర అర్పణ వదిలి, ముందు సహోదరుని దగ్గరకు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు ఎవరికి చెప్పాడు? తన మీద సహోదరునికి ఏదైనా విరోధముందని గుర్తుకొచ్చినవాడికి. తప్పు చేసినవాడే నడవాలి. సంఘం ఆయనను ప్రభువు బల్ల దగ్గరకు పంపే ముందు మీ ఇంటికి పంపాలి.

ఆయన ఇవ్వగలిగీ ఇవ్వనంటే, సంఘం కూడా చెవిన పెట్టకపోతే, చట్టం దగ్గరకు వెళ్ళడంలో తప్పు లేదు. పౌలు కూడా అవసరమైనప్పుడు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్రామిసరీ నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. గడువు లోపల కొంత చెల్లించి నోటు వెనుక రాసి సంతకం చేసి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. అదేమీ జరగకపోతే మీ నోటుకు కాలదోషం పట్టి ఉంటుంది, అంటే దావా వేసే గడువు దాటిపోయి ఉంటుంది. అప్పుడు కూడా ఆయన తన సంతకంతో, ఈ పాత బాకీ నేను తీరుస్తానని కొత్తగా రాసిస్తే అది చెల్లుతుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను చెబుతోంది. అందుకే ఆ మొదటి భేటీలోనే కాగితం మీద రాయించుకోవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడం 1982 చీటీల చట్టం ప్రకారం నేరం కూడా. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయం ఎంతైనా, అక్కడ ఉచితంగా న్యాయసహాయం ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, ఫీజు ఉండదు.

కాలదోషం మాట రాస్తుంటే ఒకటి తోచింది. మూడేళ్ళు దాటిన నోటును కోర్టు పట్టించుకోకపోవచ్చు. ఆయన ప్రార్థనలో మోకరించే చోట మాత్రం అలాంటి గడువు లేదు. ఎవరైనా ఆయనకు ఈ మాట ప్రేమతో చెప్పాలి, అది మీరే కానక్కర్లేదు.

ఒకవేళ ఆయన నిజంగా ఇవ్వలేని స్థితికి వస్తే? స్లాబు వేసేవాడి విషయంలో ఆ ప్రశ్న ఇప్పుడు లేదు. కానీ ఎప్పుడైనా వస్తే, మొత్తమో కొంతో వదిలేయాలా అన్నది మీ అమ్మగారి ఇష్టం. పాస్టరు గారిది కాదు, సంఘానిది కాదు, మీదీ కాదు, నాదీ కాదు. ఆమె అడగకుండా ఎవరూ ఆమెకు ఆ సలహా కూడా ఇవ్వవద్దు. ఏదో ఒక రోజు ఆమె తనంతట తాను ఆ పెట్టె తెరిచి నోటు చింపితే, అప్పుడు ఆ సంఘం నిజమైన కనికరాన్ని కళ్ళారా చూస్తుంది. ఆ రోజు రాకపోయినా ఆమె విశ్వాసానికి ఏ లోటూ లేదు.

ఈ రోజు సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని లూకా 18లోని విధవరాలి కథ చదివి వినిపించండి. ప్రభువు ఆ ఉపమానం చెప్పింది మనుష్యులు విసుగకుండా నిత్యం ప్రార్థన చేయాలని. విసుగకుండా తలుపు తట్టిన స్త్రీనే ఆయన మనకు మాదిరిగా నిలబెట్టాడని ఆమెకు చెప్పండి. తర్వాత నోటు బయటికి తీసి, తేదీ ఎంత ఉందో, వెనుక ఏమైనా రాసి ఉందో చూసి నాకు రాయండి.